పూత పడకముందు విన్న చప్పుడు

అమెరికాలో పార్సిప్పనీ అనే ఊరి దగ్గర మాత్రలు తయారుచేసే ఒక చిన్న కంపెనీ ల్యాబ్‌లో నాకు మొదటి ఉద్యోగం వచ్చింది. పూత వేయని మాత్రలనూ, పూత వేసిన మాత్రలనూ పక్కపక్కన పెట్టి, ఏవి ఎంతసేపట్లో కరుగుతున్నాయి, ఏవి తేమకు తట్టుకుంటున్నాయి అని చూడడం నా పని. ఉక్కగా ఉండే పెట్టెలో నెలల తరబడి ఉంచితే పూత లేనివి మచ్చలు తేలి, అంచులు పొడిపొడిగా రాలేవి. పూత ఉన్నవి మాత్రం పెట్టిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉండేవి. మేం తయారుచేసే మందు మహా చేదు. చేతులు కడుక్కున్నాక కూడా ఏ మూలో అంటిన పొడి పెదవికి తగిలితే, మధ్యాహ్నం తిన్న పెరుగన్నం కూడా చేదుగానే ఉండేది.

పూత గదిలో పనిచేసే ఆపరేటర్ తెలుగాయనే. అరవై దాటాయి. హైదరాబాదులో ముప్పై ఏళ్లు మాత్రలకు చక్కెర పూత వేశారు. తిరిగే రాగి పాత్రలో మాత్రలు దొర్లుతుంటే గరిటెతో పాకం పోసి, చేత్తో కలిపి, ఒక పొర ఆరాక ఇంకో పొర వేసేవారట. ఒక్కో బ్యాచ్‌కి నాలుగైదు రోజులు పట్టేదట. కూతురు గ్రీన్‌కార్డు చేయించాక ఇక్కడికి వచ్చి, ఇంట్లో ఊరికే కూర్చోలేక ఈ పనిలో చేరారు. ఇక్కడ పూతంటే చాలా పలచని పొర. మిషన్ దాన్ని మంచులా చల్లి కొన్ని గంటల్లో ముగించేస్తుంది. ఆయన్ని నేను అంకుల్ అని పిలిచేదాన్ని.

ఒకరోజు పొద్దున నేను ఆ గదిలోకి వెళ్లేసరికి ఆయన మిషన్ తలుపుకి చెవి ఆనించి నిలబడి ఉన్నారు. పూత చల్లడం ఇంకా మొదలుకాలేదు. మాత్రలు వేడెక్కుతూ దొర్లుతున్నాయి.

"అమ్మా, ఇటు రా. జర ఇను."

"ఏముంది అంకుల్? రోజూ వచ్చే సౌండే కదా?"

"కాదమ్మా. గట్టి బిళ్ల దొర్లితే గలగల అంటది. ఇది గరగర అంటున్నది. అంచులు పోతున్నయ్."

అంతలో సూపర్‌వైజర్ వచ్చాడు. ఎత్తుగా ఉండే అమెరికన్. అంకుల్ చెప్పింది నేను ఇంగ్లిష్‌లో చెప్పాను. అతను ఆ బ్యాచ్ టెస్ట్ కాగితం తిప్పి చూసి, ల్యాబ్ పాస్ చేసింది కదా, కానివ్వండి అన్నాడు. ఆ పేజీ కింద సంతకం నాదే. మాత్రలను డ్రమ్ములో వంద చుట్లు తిప్పి, ఎంత పొడి రాలిందో తూచి, పాస్ అని రాసింది నేనే.

నా ముఖం చూసి అంకుల్ నెమ్మదిగా అన్నారు. "నీ రిపోర్ట్ తప్పంటలేనమ్మా. నువ్వు చూసిన బిళ్లలు మంచివే అయ్యుంటయ్. ఇప్పుడు మిషన్ల పోసినయ్ చివరి డబ్బాలల్లయ్. ఆ డబ్బాల బిళ్లలు చూసినవా?"

చూడలేదు. అచ్చు మిషన్ నుంచి వరసగా వచ్చిన డబ్బాల్లో, తలుపు దగ్గర ఉందని మొదటిదాన్లోంచే అన్నీ తీసుకున్నాను.

నేనేదో అనేలోపే ఆయన మిషన్ ఆపేశారు. సూపర్‌వైజర్ ముఖం ఎర్రబడింది. మళ్లీ ఆన్ చేయమన్నాడు. "నో సార్. వన్ అవర్," అన్నారు అంకుల్. చేతులు వెనక్కి కట్టుకుని మిషన్‌కి అడ్డంగా నిలబడ్డారు.

నేను ఇంకా మిషన్‌లో పోయని చివరి డబ్బాల్లోంచి మాత్రలు తీసుకుని ల్యాబ్‌కి పరుగెత్తాను. డ్రమ్ము ఆగాక చూస్తే రెండు మాత్రలు సగానికి విరిగి ఉన్నాయి. మిగతావాటి అంచులు పిండిలా రాలాయి. ఆ నెలలోనే కంపెనీ నాకోసం వేస్తున్న హెచ్-వన్ వీసా పేపర్లు లాయర్ దగ్గర ఉన్నాయి. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చన్న ఆలోచన నాకు రాకపోలేదు. కానీ అక్కడ మిషన్‌కి అడ్డంగా నిలబడిన మనిషి కళ్లముందు మెదిలాడు. తిన్నగా మేనేజర్ దగ్గరికి వెళ్లి, శాంపిల్ ఒక్క డబ్బాలోంచే తీశాను, పొరపాటు నాదే అని చెప్పాను. ఆమె ఆ పేజీ తెప్పించుకుని నా సంతకం చూసింది. తర్వాత, "ఎవరు కనిపెట్టారు?" అని మాత్రం అడిగింది.

ముందురోజు మధ్యాహ్నం నుంచి, మాత్రలను అచ్చు వేసే మిషన్ ఒత్తిడి తగ్గిందని తేలింది. అప్పటినుంచి నింపిన డబ్బాలన్నిటినీ, పూత మిషన్‌లో పోసిన మాత్రలనూ పారబోశారు. మొదటి డబ్బాల మాత్రలకు ఆ సాయంత్రం అంకుల్ పూత వేస్తుంటే దగ్గరుండి చూశాను. సుద్దలా ఉన్న మాత్రలు మెల్లమెల్లగా లేత నీలానికి తిరిగాయి. వాటి మీద అచ్చైన అక్షరం ఒక్కటి కూడా పూడిపోలేదు. ఆయన ఒకటి తీసి, గ్లవ్ వేసుకున్న బొటనవేలితో అంచు తడిమారు.

"పూత అంతా కప్పేస్తది అనుకుంటరు. చక్కెరైతే కొంచెం కప్పుతది. ఇది కప్పదమ్మా. లోపల ఎట్లుంటే పైకి అట్లనే కనబడ్తది."

"మీకు భయం వెయ్యలేదా అంకుల్? జాబ్ పోయుంటే?"

"అయ్యో, కాళ్లు వణికినయ్. ప్యాంటు వదులుగున్నది గాబట్టి ఎవ్వరికి కనబడలె."

నా ఉద్యోగం పోలేదు. అన్ని డబ్బాల్లోంచీ శాంపిల్ తీయాలని రూల్ పెట్టి, దాన్ని నాచేతే రాయించారు. ఆపరేటర్ ఎవర్నీ అడక్కుండా మిషన్ ఆపొచ్చని మేనేజర్ ఇంకో పేజీ చేర్చింది. అంకుల్ కళ్లజోడు పెట్టుకుని ఆ పేజీ రెండుసార్లు చదివి, ఒక మాట మీద వేలు పెట్టారు.

"ఆపరేటర్ డిస్క్రీషన్ అని రాసిన్రు. అంటే ఏందమ్మా?"

"అంటే... మీ ఇష్టం అన్నట్టు అంకుల్."

ఆయన తల అడ్డంగా ఊపారు. "ఇష్టం అని రాయరు, కంపెనీ పేపర్ల." ఇంకోసారి చదువుకుని, "విచక్షణ అయ్యుంటది," అన్నారు.