సందులేని జంపఖానా

“యూరప్ దేశాలు ముందుగాల బొగ్గు, ఉక్కు కాడ కలిసినయట తమ్మీ. ప్రేమతోని గాదు, పనితోని. గది చదువంగనే నాకు సమ్మక్క యాదికొచ్చింది.”

అనసూర్య పంజా అనే ఇనుప దువ్వెనతో పేకపోగును దించుతూనే మాట్లాడుతోంది. వరంగల్ కొత్తవాడలో ముప్పై ఏళ్లుగా జంపఖానాలు నేస్తున్న మనిషి. యాభై దాటాక దూరవిద్యలో రాజనీతిశాస్త్రం ఎమ్మే కట్టింది. పొరుగు రాజ్యాల కలయిక సిద్ధాంతాల పేపరొక్కటే రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే గడువు తీరిపోతుంది. ఇవాళ ఫలితాలు. చూసి వచ్చిన పక్కింటి ఉపేందర్‌ను “ఆగు, ఈ వరుస కానీ” అని కూర్చోబెట్టింది. అతను ఫోను బోర్లించి పట్టుకుని వింటున్నాడు.

సమ్మక్క అంటే సమ్మమ్మ, ఆమె తోడికోడలు. ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని నేస్తారు. ఒకసారి పెళ్లిచీర దగ్గర తగవొచ్చి మాటలు ఆగిపోయాయి. ఒకరు నేసే ఎరుపు, ఇంకొకరు నేసే నీలం కలిసే చోట రెండు పోగులూ ఒకదాన్నొకటి పట్టుకుని వెనక్కి తిరగాలి. పంతానికి ఎవరి పోగు వాళ్లే తిప్పుకున్నారు. జంపఖానా నడుమంతా సందులే. షావుకారి చెయ్యి అటునుంచి ఇటు దూరింది.

“మొత్తం ఇప్పి మళ్ల నేసినం. పోగు పట్టాలంటే చేతులు ఒక్కతీరు ఆడాలె. అందుకని చాయ్ గూడ ఇద్దరం కలిసే తాగేది. ఆఖరికి ఎవరు ఎప్పుడు పుట్టింటికి పోవాల్నో గూడ ఇద్దరం కూసొనే తేల్చుకున్నం. ఒక పని ఇంకో పనిని గుంజుకొస్తది. పరీక్షల గిదే రాసిన.”

“మరి ఎవరి లాభం వాళ్లు చూసుకుంటరనే సిద్ధాంతమో, అక్కా?”

“అదీ రాసిన. ఎరుపు ఎరుపే, నీలం నీలమే. సమ్మక్క ఎప్పుడన్న మగ్గం ఇడిసి పోవచ్చు. పోలే. ఆమెకూ గిట్టుబాటున్నది.”

వరుస పూర్తయింది. పంజా పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

“ఇగ చెప్పు.”

“అరవై ఎనిమిది. మీ సెంటర్ల ఈ పేపర్ల నువ్వే ఫస్టు.”

అనసూర్య పడుగు మీద అరచెయ్యి పరిచి, ఈ కొస నుంచి ఆ కొస దాకా నిమిరింది. తర్వాత గట్టిగా నవ్వింది. “రెండుసార్లు గైడు బట్టీ కొట్టిన. నా మగ్గం నా ముంగటనే ఉన్నది చూడు.”

ఉపేందర్ లేచాడు.

“రేపు తొర్రూరు పోతానవ్ గదా? సమ్మక్క ఆడనే బిడ్డింట్ల ఉన్నది. అండ్ల సగం, ముప్పై నాలుగు మార్కులు నీయే అని చెప్పు. నా పక్క పీట ఖాళీగున్నది, జర తోలుకరా.”