అడగని వరుసను నమ్మని జలీల్ సార్

జలీల్ సార్ దివంగతులయ్యారన్న వార్తను నేను నమ్మలేదు. పొద్దున్నే కామారెడ్డి బస్టాండు వెనుక మా కంప్యూటర్ శిక్షణ కేంద్రం తాళం తీస్తుండగా పక్క జిరాక్సు దుకాణం ఆయన వచ్చి చెప్పాడు. "నీకెవరు చెప్పిండ్రు? ఎవరు చూసిండ్రు?" అని నిలదీశాను. పాపం, నొచ్చుకున్నాడు. ఏం చేయను, ఏ మాట విన్నా దాని మూలం అడగమన్నది ఆ మహానుభావుడే. ఎల్లారెడ్డిలో వారింటికి ఫోన్ చేశాక గాని నా అనుమానం తీరలేదు. తీరాక, తీసిన తాళం మళ్లీ వేశాను. గుండెపోటట. ముందురోజు సాయంత్రం దాకా నా పక్క గదిలో పాఠం చెప్పిన మనిషి.

సంశయం ఆయన స్వభావం, సత్యనిష్ఠ దాని సారం. రోజూ ఎల్లారెడ్డి నుంచి బస్సులో వచ్చి పోయేవారు. బోర్డు చదివి, కండక్టరును అడిగి, అది చాలక డ్రైవరును కూడా అడిగి ఎక్కేవారు. హోటల్లో చాయ్ గ్లాసును వెలుతురుకెత్తి చూడనిదే పెదవికి తాకించేవారు కాదు. "సార్, మీరు దేవుణ్నైనా సంతకం అడుగుతరు" అని నేను ఆటపట్టిస్తే, నవ్వకుండా "ఆయన సంతకం ఎట్లుంటదో ఎవరు చూసిండ్రు బిడ్డా?" అనేవారు.

నేను ఆయన శిష్యురాలిగా చేరిన కొత్తలో, డేటాబేసు నుంచి మార్కుల పట్టిక తీసి గర్వంగా చూపించాను. పేర్లన్నీ చక్కగా వరుసలో వచ్చాయి.

"గీ వరుస నువ్వు అడిగినవా?"

"లేదు సార్, అదే వచ్చింది."

"అడుగంగ ఇచ్చేటోన్నే ఒకటికి రెండుసార్లు చూడాలె. అడగకుండ ఇచ్చేదాన్ని నమ్ముతవా? ఇయ్యాల గిట్లొచ్చింది. రేపు కూడ గిట్లనే వస్తదని నీకెవరు జెప్పిండ్రు?"

అప్పుడు డేటాబేసును అడిగే ప్రశ్న చివర 'ఆర్డర్ బై' అని రాయించారు. పట్టికలో ఏ గడి ప్రకారం, పేరా మార్కులా, వరుస కావాలో దాని పేరు చెప్పాలి. ఊరికే వదిలితే చిన్నది ముందు వస్తుంది, తలకిందులుగా కావాలంటే 'డీఈఎస్‌సీ' అని చేర్చాలి. ఈ చిన్న పాఠానికి ఆయన ఒక వారం తీసుకునేవారు. ఇతర చోట్ల ఒక్క పూటలో ముగిస్తారు.

అంతటి అనుమానపు మనిషీ ఒకసారి ఏమరుపాటున పడ్డారు. ఎల్లారెడ్డి దగ్గర ఒక రైతుల సంఘం బోరు బండి తెప్పించింది. ముందు దరఖాస్తు పెట్టినవారికి ముందు బోరు. వంతులు తీసే పని సార్‌కు అప్పగించారు. మన దగ్గర తేదీ అంటే రోజు ముందు, నెల తర్వాత. కాగితం మీద ఎట్లుంటే అట్లే కొట్టడానికి వీలుగా, ఆయన ఆ గడిని తేదీల గడిగా గాక ఉత్త అక్షరాల గడిగా పెట్టారు. ఆర్డర్ బై రాశారు. వరుస వచ్చింది. అన్నిటికన్నా పైన ఆయన బామ్మర్ది రహీం పేరు. అట్టడుగున లచ్చవ్వ అనే రైతు పేరు.

ఇక జనం ఆగుతారా? మర్నాడే రైతులు బస్సు దిగి నేరుగా కేంద్రానికి వచ్చారు. అందరికన్నా ముందు లచ్చవ్వ. భర్త లేని మనిషి, ఉన్న ఒక్క మడి ఎండుతోంది.

"హోలీ అయినంక నేనిచ్చిన. ఎండలు ముదిరినంక నీ బామ్మర్ది ఇచ్చిండు. ఆయన నాకు ముందెట్లయిండు సారూ? ఏం తిన్నవ్?"

సార్ ముఖం నల్లబడింది. మరొకరైతే కంప్యూటర్ మీదికి నెట్టి చేతులు దులుపుకునేవారు. ఆయన తలుపులు బార్లా తీశారు. "నా మీద అనుమానం రావుడు న్యాయమే. ఎవ్వలు పోవద్దు. మీ ముంగటనే తేలాలె" అని, తెర మీద వరుసను ఒక్కొక్కటే నా చేత పైకి చదివించారు. ఒకటో తారీఖు వాళ్లంతా ముందున్నారు, నెల ఏదైనా సరే. ముప్పయ్యో తారీఖు వాళ్లంతా చివరికి పోయారు. అక్షరాలను ఎడమవైపు నుంచి పోల్చడం తప్ప కంప్యూటర్‌కేం తెలుసు? లచ్చవ్వ మార్చి ముప్పై కన్నా రహీం మే ఒకటి ముందు నిలబడింది.

"తప్పు నాదే. వరుస అడిగిన గని, దేన్ని వరుస పెడుతున్ననో చూడలే" అన్నారు సార్. గడిని తేదీల గడిగా మార్చి మళ్లీ తీశారు. లచ్చవ్వ పేరు పైకి వచ్చింది. రహీం కిందికి పోయాడు.

రహీం వంతు వచ్చేసరికి అతని వరి ఎండిపోయింది. బావతో మాట మానేశాడు. అటు ఊళ్లో మాత్రం "దొరికిండు గాబట్టి దిద్దిండు" అన్న మాట ఆగలేదు. ఒకనాడు నేను కోపంతో ఊగిపోతుంటే, "అననియ్యి బిడ్డా. చేసిన్నని వాళ్ల దగ్గర రుజువు లేదు, చేయలేదని నా దగ్గర లేదు" అన్నారు. అంత తేలిగ్గా అన్నారే గాని, అప్పటి నుంచి ఎల్లారెడ్డిలో బస్సు దిగితే బజారు దారి వదిలేసి వెనుక సందులోంచి ఇంటికి పోయేవారు. మోసం చేయని మనిషి దొంగలా తప్పుకుని తిరిగారు.

చావు వార్త విన్న రోజే ఎల్లారెడ్డి వెళ్లాను. సార్‌ను మోసుకెళ్లే జనాజా ఇంకా లేవలేదు. గల్లీలో కూర్చున్న ఒక పెద్దమనిషి, "మనిషి మంచోడే. గా బోరు సంగతొక్కటే అనుమానం" అన్నాడు. శవం ముందర కూడానా అని నాకు ఒళ్లు మండింది. నేను నోరు తెరిచేలోపే, గోడ పక్కన ఒంటరిగా నిలబడ్డ రహీం ముందుకు వచ్చాడు.

"ఏం అనుమానం బాపూ? నా కోసం చేసెటోడైతే మా బావ నా పొలం ఎండనిస్తుండెనా? ఎండింది. నేను జూసిన, మీరు జూసిండ్రు. ఇంకేం రుజువు గావాలె?"

రహీం వెళ్లి జనాజాకు ముందు వైపు భుజం పట్టాడు. ఖబ్రస్తానుకు వెనుక సందే దగ్గరి దారి. గడప దగ్గర నిలబడి నేను చూస్తూనే ఉన్నాను. రహీం ఆ సందు వైపు తిరగలేదు. దుకాణాలన్నీ చూస్తుండగా బజారు నడుమ నుంచి బావను తీసుకుపోయాడు.

సార్, చేయలేదనడానికి మీ దగ్గర లేదన్న రుజువు దొరికింది. మీరుంటే దాన్ని కూడా ముందు అనుమానించి, "ఎవరు జెప్పిండ్రు? మళ్ల ఒకసారి జెప్పుమను" అనేవారు. ఆ మాట రహీం నోట ఒక్కసారైనా మీరు విని ఉంటే బాగుండేది.