రెక్కకు చుట్టిన బట్ట

ఆ రోజుల్లో అనగానే నాకేదో అరవై ఏళ్లుంటాయనుకోవద్దు. నాకింకా పెళ్లే కాలేదు. కానీ మొదటి ఉద్యోగాన్ని ఎప్పుడు తలుచుకున్నా అది ఆ రోజుల్లోనే జరిగినట్టుంటుంది. అప్పుడు మనమెంత తెలివిగలవాళ్లమనుకున్నామో గుర్తొస్తే మధ్యలో ఓ యుగం గడిచినట్టే ఉంటుంది. జగిత్యాలలో మెకానికల్ డిప్లొమా చదివిన నాకు దొరికిన మొదటి పని, సముద్రంలో మునిగిన విమానాన్ని బయటికి తీయడం. రెండో ప్రపంచ యుద్ధంలో కూలిన విమానమది. దాన్ని బాగుచేసి మ్యూజియంలో పెట్టాలని ఒక కంపెనీకి అప్పగించారు, ఆ కంపెనీ నన్ను పెట్టుకుంది. కోరుట్లలో ఉండే మా అక్క, "మా తమ్ముడు సముద్రంల దుంకి విమానం తీస్తుండు" అని వాడకట్టంతా చెప్పుకొచ్చింది. నిజానికి నాకు ఈత రాదు. (మా సిరిసిల్ల పక్కన మానేరు ఉంది కానీ, నా చిన్నప్పుడు అందులో నీళ్లకంటే ఇసుకే ఎక్కువ.) దూకేవాళ్లు వేరే ఉన్నారు. నేను ఒడ్డున నిలబడి గొలుసు పట్టుకునేవాణ్ని.

విమానం బయటికొచ్చే రోజున తీరం పక్కనున్న పల్లె మొత్తం ఒడ్డుకు చేరింది. క్రేను మూలుగుతుంటే అందరూ ఫోన్లు పైకెత్తారు. నీళ్లలోంచి వచ్చినదాన్ని చూసి మెల్లగా దించేశారు. ముక్కు లేదు, తోక లేదు. ఒక రెక్క, కాస్త పొట్ట, వాటినిండా నత్తగుల్లలు. గాలివానకు ఎగిరి చెరువులో పడిన రేకుల షెడ్డులా ఉంది. పైలట్ కూర్చోవలసిన చోట ఒక పీత ఉంది, అదొక్కటే హుందాగా కనిపించింది.

అసలు పని ఇప్పుడే మొదలైందన్నారు మా ఇంజనీరు సారు. ఇన్నేళ్లు ఉప్పునీళ్లు తాగిన అల్యూమినియం ఒక్కసారి ఎండిందంటే తెల్లటి పొడిగా రాలిపోతుందట. పొట్ట మంచినీళ్ల తొట్టిలో పట్టింది, రెక్క పట్టలేదు. పెద్ద తొట్టి కట్టేదాకా దాన్ని నూలుబట్టతో చుట్టి, ఆరకుండా తడుపుతూ ఉండాలి. రంగు లేని కాటన్ ఎక్కడ దొరుకుతుందబ్బా అని సారు ఆలోచనలో పడ్డారు. ఇంటింటా బట్ట నేసే సిరిసిల్లవాణ్ని పక్కన పెట్టుకుని ఆ మాటనడం నాకు అవమానంగా తోచింది. వెంటనే ఇంటికి, మా నాన్నకు ఫోన్ చేశాను.

"బాపూ, విమానానికి బట్ట కావాలె. కాటన్‌ది. రంగు వద్దు."

"విమానానికా?" అవతల సాంచాల, అదే మా మరమగ్గాల, చప్పుడు ఆగింది. "పాత విమానాల తోకకు బట్టనే తొడుగుతుండెనట గదరా, ఫోన్ల చూసిన. నేనే తెస్త, ఎవ్వనికి చెప్పకు."

నేను వివరించేలోగా పెట్టేశాడు. (మా బాపు ఫోన్ పెట్టేశాడంటే మీటింగు ముగిసినట్టే.) ఆయన బతుకంతా మరమగ్గాల మీద బట్ట నేశాడు కానీ, ఆ బట్ట చివరికి ఏమైందో ఎన్నడూ చూడలేదు. సాంచం దిగిన బట్టను తానుగా చుట్టి సేటు తీసుకుపోతాడు, రంగు ఇంకెవరో వేస్తారు, ఆ తర్వాత అది లంగా అయిందో దిండు గలీబు అయిందో దేవుడికే తెలియాలి. బజారులో కొట్ల ముందు వేలాడే లంగాలన్నిటినీ ఆగి ఆగి చూసేవాడు. (మా అవ్వ, అంటే అమ్మ, దీన్ని ఇంకోలా అర్థం చేసుకునేది.) ఇన్నాళ్లకు తన బట్ట ఒకచోట నిలబడుతుంది, దాన్ని జనం టికెట్టు కొని చూస్తారు. ఆయన ఆశంతా అదేనని నాకు తెలిసేసరికి ఆయన రైలెక్కేశాడు.

కొత్త అంగీ తొడుక్కుని, రెండు తాన్లు మోసుకుని దిగాడు. నలుగుతాయని రాత్రంతా ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాడట. రాగానే "తోకేది?" అన్నాడు.

"తోక దొరకలే బాపూ."

"మరి బట్ట దేనికి?"

రెక్కకు చుట్టి తడపడానికని సారు చెప్పారు. తర్వాత ఏం చేస్తారని అడిగితే, పాపం, ఆయనకు అబద్ధం చెప్పడం రాదు. "పారేస్తామండి" అన్నారు. బాపు తాన్లను కింద పెట్టలేదు. చాలాసేపు రెక్కను చూశాడు. నాకు సముద్రంలో దూకితే బాగుండుననిపించింది. (ఈత రాదని ముందే చెప్పాను.)

"ఎండితె నిజంగనే రాలిపోతదా సార్?"

"పోతుందండి."

"గట్లయితె చుట్టున్రి జల్ది. నిలవడి ముచ్చట్లేంది?"

రెండు రోజులు బాగానే గడిచాయి. తర్వాత వాసన మొదలైంది. సాంచం దిగిన బట్టకు గంజి ఉంటుంది. దాన్ని పోగొట్టడం రంగులవాళ్ల పని. కొత్త తానును ఉతకడమనే ఆలోచన మా వంశంలో ఎవరికీ రాలేదు. ఫెళఫెళలాడే బట్టను చూసి మేం గర్వపడ్డాం తప్ప, తడికీ ఎండకూ గంజి పులుస్తుందని గుర్తురాలేదు. ఒకనాటి పొద్దున వెళ్లేసరికి ఒక ఆవు ఆ యుద్ధవిమానాన్ని ప్రశాంతంగా నాకుతోంది. ఒక కొస అప్పటికే నమిలేసింది. ఆవు గల ముసలమ్మ వెనకాలే వచ్చి మమ్మల్నే నిలదీసింది. "ఏటి బావూ, రేకులకి గంజెడతారేటి? నా ఆవుకేటైనా అయితే ఎవులు సూత్తారు?"

సారు ముక్కు మూసుకుని, విప్పి పారేయమన్నారు, టౌనునుంచి వేరే బట్ట తెప్పిస్తానన్నారు. బాపు ఆయనకు అడ్డంగా నిలబడ్డాడు.

"పొద్దుగూకేదాంక ఆగున్రి సార్. గంజి లేకుంట చేస్త. రెక్క ఎండది, మావోడు పైపు వడ్తడు."

సారు రెక్క వైపు, నా వైపు చూశారు. నమ్మకం రెక్క మీదే ఎక్కువ ఉన్నట్టుంది. అయినా సరేనన్నారు.

బాపు అవ్వకు ఫోన్ చేశాడు. చేతులు రెండూ బకెట్లో ఉన్నాయి కాబట్టి స్పీకర్ పెట్టాల్సి వచ్చింది, కాబట్టి అందరం విన్నాం.

"గంజి ఎట్ల పోతదే?"

అటునుంచి అవ్వ నవ్వింది. "ఇన్నేండ్లల్ల ఒక్క రుమాలు పిండలె. సముద్రం కాడికి పొయ్యి బట్టలుతుకుతానవా?"

"నవ్వితె నవ్వు గని చెప్పు."

"ఉడుకునీళ్లల్ల నానవెట్టు. గుంజకు, చినుగుతది. చేత్తోని పిసుకు. మా చీరెలెందుకు తీస్కపోలే, గవి సుత ఉతుకుతుంటివి గద?"

ముసలమ్మ పక్కనే కూర్చుని, "అలక్కాదు బావూ, ఇలాగ" అని మిగతా పాఠం చెప్పింది. నేను పైపుతో రెక్కను తడుపుతూ, దీన్ని కూల్చినవాళ్లు కూడా ఇంత కష్టపడి ఉండరన్నాను. ఎవరూ నవ్వలేదు. బాపు మాత్రం, "నోటితోని గాదు, పైపుతోని కొట్టు" అన్నాడు. పొద్దుగూకే వేళకు బట్ట మెత్తగా, పాతబడ్డ పంచెలా అయింది. మళ్లీ చుడితే రెక్కకు అతుక్కుని నీళ్లు పట్టి కూర్చుంది. ఆవు వచ్చి వాసన చూసి, ముఖం తిప్పుకుని పోయింది. సారు టౌనుకు ఫోన్ చేసి బట్ట వద్దన్నారు.

బాపు ఆ మర్నాడే తిరుగు రైలెక్కాడు. పెద్ద తొట్టి సిద్ధమయ్యేదాకా ఆ బట్ట రెక్క మీదే ఉంది, ఆ తర్వాత పీలికలై చెత్తలోకి పోయింది.

మ్యూజియం తెరిచాక ఆయన్ను తీసుకెళ్లాను. రెక్క లైట్ల కింద మెరుస్తోంది. బాపు చేతులు వెనక్కి కట్టుకుని, అక్కడున్న గార్డుతో, "దీనికి బట్ట మాదే" అన్నాడు.

గార్డు రెక్కను పైనుంచి కిందిదాకా చూశాడు. "బట్టేదీ కనబడదు కదండీ?"

"కనవడొద్దు. జరం తగ్గినంక తడిగుడ్డ ఎవలన్న నెత్తి మీద ఉంచుకుంటరా?"

నేను ఫోటో తీశాను. చూస్తే రెక్క సగమే పడింది, మిగతా అంతా బాపే. చెడిపోయిందనుకుని, ఆయన్ను పక్కకు జరగమని, రెక్క మొత్తం వచ్చేలా ఇంకోటి తీసి దాన్నే కోరుట్లకు, అక్కకు పంపాను. అప్పట్లో నాకు ఫోటోలు తీయడం బాగా వచ్చుననుకునేవాణ్ని. ఇప్పుడు అప్పుడప్పుడూ తెరిచి చూసుకునేది ఆ చెడిపోయినదాన్నే.