చెంబెడు నీళ్ళు, ఒక ఫొటో

ఏ రోజు సంగతి ఆ రోజే డైరీలో రాయడం నాకు చిన్ననాటి నుంచి అలవాటు. ఆ ఆదివారం రాసింది చదివితే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పశువుల దవాఖానలో కాంపౌండరుగా పనిచేసినంత కాలం బచ్చన్నపేట చుట్టుపక్కల ఊళ్ళన్నీ సైకిల్ మీదే తిరిగాను. రిటైరైనా సైకిల్ వదల్లేదు. అందుకే హైదరాబాద్‌లో ఉంటున్న మా అమ్మాయి నన్ను సైకిల్ టూరుకు పంపింది. ముందు గైడు, వెనక నగరం చూడ్డానికొచ్చిన మేము కొందరం. తలకు హెల్మెట్, సైకిల్‌కు నీళ్ళ సీసా.

మొదట అద్దాల మేడలు. ఒక్కొక్కదాని గేటు ముందు ఆగి, లోపల ఏ దేశపు కంపెనీ ఉందో గైడు చెప్పాడు. తర్వాత ఒక ప్రహరీ చుట్టూ తిప్పి వెనక గల్లీలోకి తీసుకెళ్ళాడు.

"ఇప్పుడు నగరం రెండో ముఖం చూడబోతున్నారు," అన్నాడు, సర్కసులో పులిని వదలబోయేవాడిలా.

రేకుల ఇళ్ళు, తలుపుల చోట పరదాలు, నీళ్ళ డ్రమ్ములు. ఆ మేడలు కట్టే కూలీలు ఉండేది అక్కడే. ఒక గుమ్మం ముందు అందరం దిగాం. గైడు చెబుతూ ఉంటే మావాళ్ళు లోపలికి తొంగి చూస్తున్నారు. బయట బియ్యం కడుగుతున్న ఒకామె చేతులు తుడుచుకుని లేచి, లోపలి నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చింది. మా వైపు గుమ్మం ముందు మనిషి ఆగితే ముందు నీళ్ళిస్తారు. వచ్చిన పనేమిటో ఆ తర్వాతే అడుగుతారు.

"తాగుండ్రి," అంది.

"ఎవరూ తాగకండి, కడుపు చెడుతుంది," అన్నాడు గైడు ఇంగ్లీషులో. ఒకాయన వద్దని చెయ్యి ఊపాడు. ఒకావిడ తన సీసా ఎత్తి చూపించింది. ఆమె చెంబు పట్టుకుని ఇంకొకరి వైపు తిరిగేసరికి, మాలో ఎర్ర టీషర్టు వేసుకున్న ఒకాయన ఫోన్‌తో ఆమెను ఫొటో తీశాడు.

"నీళ్ళు తాగనోళ్ళకు నా ఫొటో ఎందుకయ్యా? తీసెయ్ దాన్ని," అంది ఆమె.

ఆ మాట మా వైపుది. "ఏ ఊరు బిడ్డా?" అన్నాను.

"పెద్దవంగర దిక్కు. నువ్వు?"

"లింగాల ఘనపూర్."

"మరి మనోనివై, గీళ్ళను నా ఇంటి మీదికి తోల్కొచ్చినవా బాపూ?"

అంతలో గైడు ఈల వేశాడు: "పదండి, తర్వాత ఇరానీ చాయ్!" గల్లీ చాలా ఇరుకు. నా సైకిల్‌ను దానికి అడ్డంగా నిలిపి స్టాండ్ వేశాను.

"ఫొటో తీసేసినంకనే కదులుడు," అన్నాను.

"అంకుల్, చాలా సహజంగా వచ్చింది," అన్నాడు ఎర్ర టీషర్టు ఆయన.

"గంత మంచిగొస్తే, మీ అమ్మ బియ్యం కడుగుతాంటె పోయి తీసుకో," అంది ఆమె.

"తప్పుగా అనుకోకండి సార్, ఇదంతా అవగాహన కోసం," అన్నాడు గైడు.

"అవగాహనా? పొద్దుగాల ఆ మేడలల్లకు తొంగి చూడనిచ్చిన్రా? గేటు కాడ్నే ఆపిన్రు గద. ఈడ గేటు లేదనేనా మీ ధైర్యం?" అన్నాను.

ఎర్ర టీషర్టు ఆయన మూతి ముడుచుకుని ఫోన్ మీద వేలు జరిపాడు. "అయిపోయింది" అంటే ఆమె నమ్మలేదు. ఫోన్ చూపించమంది. అప్పుడు ఎదురింటి గుమ్మంలోంచి ఇంకొకామె అరిచింది: "అక్కా, నేను తల దువ్వుకుంటాంటె గూడ తీసిండు!" అదీ తీసేయించారు. ఆ పక్క గుమ్మంలోంచి మరొకామె వచ్చింది. ఎండ ముదిరింది. ఇరానీ చాయ్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

దారి ఇవ్వడానికి నేను సైకిల్ తీస్తుంటే, మొదటామె చెంబుతో నా ముందుకొచ్చింది. ముఖంలో కోపం అలాగే ఉంది.

"నువ్వన్న తాగుతవా, నువ్వు గూడ గట్లనేనా?"

ఆగకుండా చెంబంతా తాగాను. ఆమె ఖాళీ చెంబు అందుకుంది.

"మల్ల వస్తే ఒక్కనివే రా బాపూ," అని, లోపలికి వెళ్ళి పరదా దించేసింది.