బండి మీటరు మీద బొట్టు

"నీ తప్పేం లేదక్కా. బండి నువ్వు బాగానే నడిపావు. నా ఒళ్లే నన్ను మోసం చేసింది."

"అంతే బాబూ. ఒళ్లే."

పరుగు గురించి చిన్నబాబుకీ నాకూ మధ్య జరిగిన చివరి మాటలు అవే. నేనన్న ఆ ఒక్క ముక్క మామిడి టెంకలా గొంతుకు అడ్డం పడి ఏళ్లయింది. మింగలేను, కక్కలేను. నాకు సంతకం వరకే వచ్చు. అందుకని మా తమ్ముడి కూతురు నాగమణిని కూర్చోబెట్టుకుని చెబుతున్నాను. తను రాస్తోంది. మీరెవరో నాకు తెలియదు. ముందు తెలియనివాళ్లకు చెబితే, తెలిసినవాడికి చెప్పే ధైర్యం వస్తుందేమో.

చిన్నబాబు అంటే మేము కూలి చేసిన మామిడి తోట ఆసామి కొడుకు. దూరం పరుగు పందేలకు వెళ్లేవాడు. మా ఆయన కాళ్ల సత్తువ చూసి ఆసామి, "మావాడి ముందు నువ్వు పరిగెత్తరా" అన్నాడు. దాన్ని పేసర్ అంటారట. ముందున్నవాడు వేగం పట్టాలి. ఎదురుగాలికి తానే అడ్డం ఉండాలి. వెనకవాడు ఏ లెక్కా పెట్టుకోకుండా ఆ వీపు చూసుకుంటూ వస్తాడు. ఇంకాస్త దూరం ఉందనగా ముందువాడు పక్కకు తప్పుకుంటాడు. కప్పు వెనకవాడిది. మా ఆయనకు అందులో చిన్నతనం కనిపించలేదు. "నా వీపు లేకపోతే ఆయన అడుగు వేయలేడే" అని మురిసిపోయేవాడు. వాచీ చూసుకుంటే మనసు చెదురుతుందని చిన్నబాబును చేతికి వాచీ కూడా పెట్టుకోనిచ్చేవాడు కాదు.

ఆ వేసవిలో కాయ కోతలప్పుడు మా ఆయనకు జ్వరం తగిలింది. వద్దంటే వినలేదు. పందెం దగ్గర పడిందని చిన్నబాబుతో రెడ్డిగూడెం రోడ్డు మీదకు ప్రాక్టీసుకు వెళ్లాడు. మలుపులో పక్కకు తూలి పడిపోయాడు. చిన్నబాబు ఆగలేదు. తన పరుగు పూర్తి చేసుకుని, ఇంటికెళ్లి స్నానం చేసి, టిఫిన్ తిన్నాడు. కాయల ట్రాక్టరు వాళ్లు మా ఆయన్ని తెచ్చేసరికి ఊపిరి లేదు.

దినాలయ్యాక చిన్నబాబు వచ్చి నా గుమ్మంలో నిలబడ్డాడు. "పక్కకు తప్పుకున్నాడనుకున్నానక్కా. ఎప్పుడూ తప్పుకుంటాడుగా."

నిజమే కావచ్చు. తప్పుకున్నవాడి కోసం వెనక్కి తిరిగి చూడకూడదని నేర్పింది మా ఆయనే. అయితే మాత్రం, మనిషి ఆగడానికీ మనిషి కూలడానికీ చప్పుడులో తేడా ఉండదా? విన్నాడా? విని కూడా వెళ్లాడా? ఇది తేలక నేను పిచ్చిదాన్నైపోయాను. చివరికి నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. విన్నాడు.

కొన్నాళ్లకు మళ్లీ వచ్చాడు. "ముందు ఎవరూ లేకపోతే కాళ్లు ఆడట్లేదక్కా. మా మోపెడ్ తీసుకుని ముందు నడుపుతావా?"

"నడుపుతాను గానీ, ఆ మీటరు అంకెలు నాకేం తెలుస్తాయి బాబూ?"

"దానికేముంది? ముల్లు ఎక్కడుండాలో అక్కడ అద్దం మీద బొట్టు అంటిద్దాం. నీ దగ్గర స్టిక్కరు బొట్లు మిగిలే ఉంటాయిగా. ఇప్పుడు నీకెందుకు?"

ఎగతాళికి అనలేదు. మామూలుగా అన్నాడు. అదే నన్ను కాల్చింది. లోపలికెళ్లి అట్ట తెచ్చి, ఒక బొట్టు ఒలిచి ఇచ్చాను. తనే అంటించాడు.

ముల్లు బొట్టు దాటకుండా బుద్ధిగా నడిపాను, మొదట్లో. తర్వాత ఆ బొట్టును గోటితో లేపి, వెంట్రుకవాసి కిందికి జరిపాను. నాలుగు రోజులు పోయాక ఇంకాస్త. బండి నెమ్మదిస్తోందని అతనికి తెలియలేదు. తన కాళ్లకు బలం వస్తోందనుకున్నాడు. "అక్కా, ఇవాళ అసలు అలుపే లేదు!" అని చిన్నపిల్లాడిలా గంతులేసేవాడు. ఆ సంతోషంలో నాకూ కూల్‌డ్రింక్ కొనిచ్చేవాడు. తాగేదాన్ని. ఎంత తియ్యగా ఉండేదో చెప్పలేను.

బెజవాడ పందెం రోజున నేనూ వెళ్లాను. చూడాలి కదా. అందులో నెగ్గితే పెద్ద ట్రైనింగ్ క్యాంపుకు తీసుకుంటారని అతని ఆశ. ముందు వరసలో పెద్ద పెద్ద పరుగుగాళ్ల కోసం వేరే పేసర్లున్నారు. లేని బలం ఉందనుకుని చిన్నబాబు మొదటి నుంచీ వాళ్ల వెంట పడ్డాడు. సగం దాటాక చూశాను. రోడ్డు పక్కన మోకాళ్ల మీద కూలబడి కక్కుకుంటున్నాడు. అందరూ దాటుకుంటూ పోతున్నారు. ఒక్కడూ ఆగలేదు. నా కడుపు చల్లబడింది. అబద్ధం చెప్పను.

ఆ మర్నాడే వచ్చి, నేను మొదట్లో చెప్పిన మాటలు అన్నాడు. మళ్లీ పరిగెత్తలేదు. గుండెలో ఏదో లోపం ఉందని డాక్టర్ల చుట్టూ తిరిగాడు. ఏమీ లేదని వాళ్లు చెప్పినా నమ్మలేదు.

ఇన్నాళ్లూ నోరు మూసుకున్నదాన్ని ఇప్పుడెందుకు తెరిచానంటారా? అతని కూతురు స్కూల్లో పరుగులో ఫస్టు వస్తోంది. మొన్న కాయలు గ్రేడింగ్ చేస్తుంటే షెడ్డులో విన్నాను. "మన ఒళ్లు దానికి పనికిరాదమ్మా, నా మాట విను" అని ఆ పిల్లకు నచ్చజెబుతున్నాడు. ఆ పిల్ల తలవంచుకుని బూట్లు విప్పేసింది. ఆ పిల్ల నాకేం చేసింది?

అలాగని జాలితోనే చెబుతున్నానని అనుకోకండి. ఎవరు కొట్టారో తెలియని దెబ్బ ఏం దెబ్బ? ఇన్నేళ్లూ తన ఒంటిని తిట్టుకుంటున్నాడు. నన్ను తిట్టాలి. మా ఆయన్ని దాటుకుపోయినవాణ్ణి పడగొట్టింది ఆయన పెళ్లామేనని తెలియాలి. పిల్ల కోసమా, నా కసి కోసమా? రెండూ విడదీయడం నా వల్ల కావట్లేదు. క్షమించమని మాత్రం రాయించను. క్షమిస్తానన్నా నాకొద్దు. తెల్లారాక ఈ కాగితం నేనే తీసుకెళ్లి అతని చేతిలో పెడతాను. నన్ను తోటలోంచి గెంటేస్తే గెంటేయనీ. చెప్పేశాను. ఊపిరి ఆడుతోంది, అది చాలు.

ఏమే నాగమణీ, కళ్లు తుడుచుకుంటావేంటి? ఏదీ, మొదటి నుంచి చదువు. నేనన్నది అన్నట్టే ఉండాలి. ఎక్కడైనా మెత్తగా మార్చి రాశావో, ఊరుకోను. గట్టిగా చదువు.