నాన్న అడిగిన ఖాళీ వరస

మా ఇంటి బైబిలు మొదట్లో మూడు పేజీలు మావి. పుట్టినవాళ్లకి ఒకటి, పెళ్లిళ్లకి ఒకటి, పోయినవాళ్లకి ఒకటి. పోయినవాళ్ల పేజీలో మా తాత స్కేలు పెట్టి గీతలు గీసి, అడుగున ‘ఆమేన్’ అని ముందే రాసిపెట్టాడు. దానికో పద్ధతి ఉండేది. పేరూ తేదీ రాసినవాళ్లు దాని కింద ఇంకో వరస ఖాళీగా వదలాలి. ఆ వరస ఎవరిదని ఎవరూ అడగరు. కారణం రాయడానికి మాత్రం గడి లేదు. ఉద్దానంలో ఆ గడి అవసరమూ లేదు. ఆ పేజీలో ఉన్న పదకొండు మందిలో ఏడుగురు కిడ్నీలతోనే పోయారు.

తుఫాను వచ్చిన ఏడాది ఇంటి రేకులు లేచిపోయి బైబిలు తడిసి ముద్దయింది. ఎండబెట్టాక ఆ పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. విడదీయబోతే చేతికి పొట్టు వచ్చినట్టు వచ్చాయి. అంతకు ముందెప్పుడో ఫోన్లో తీసిన ఫోటో ఒకటి మిగిలింది.

నేను పలాసలో ఒక డీటీపీ షాపులో పని చేస్తాను. పెళ్లి కార్డులు, పెద్దకర్మ కార్డులు, చర్చిల జ్ఞాపకార్థ కూడికల కరపత్రాలు. ఊళ్లో సగం చావులు నా చేతుల మీదుగా అచ్చయ్యాయంటే అతిశయోక్తి కాదు. ఆ పని మీద పుట్టిన విసుగుకి విరుగుడుగా ఒక పాత కంప్యూటర్ గేమ్ పట్టుకున్నాను. కత్తులు, కోటలు, రాక్షసులు ఉండే రకం. ఆడేవాళ్లు దానికి తమ సొంత ఊళ్లు, ఇళ్లు, కథలు చేర్చుకోవచ్చు. దాన్ని మోడ్ అంటారు. నేను సముద్రం ఒడ్డున ఒక ఇల్లు కట్టాను. అందులో ఒక బీరువా, బీరువాలో పుస్తకాలు. గేమ్‌లో నడుచుకుంటూ వెళ్లి వాటిని తెరిచి నిజంగా చదవొచ్చు.

నాన్నకి డయాలసిస్ మొదలయ్యాక వారానికి రెండు పగళ్లు ఆయన పక్కన కూర్చోవడం నా వంతు అయింది. కంచిలిలో మా ఇంటి నుంచి పొద్దున్నే బస్సులో ఆస్పత్రికి బయల్దేరేవాళ్లం. మిషను నాలుగు గంటలు తిరిగేది. నేను ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని పుస్తకాలు సరిచేసుకునేదాన్ని. ఒకరోజు నాన్న మెడ ఇటు తిప్పి చాలాసేపు చూశాడు.

“ఏటమ్మా, దాంట్లో పుస్తకాలు కూడా ఉంటాయేటి?”

“ఉంటాయి నాన్నా.”

“అయితే మనోళ్ల పేజీ దాంట్లో పెట్టీ. తుఫానొచ్చినా తడవదు కదా.”

నవ్వొచ్చింది. రాక్షసుల గేమ్‌లో మా నాయనమ్మ ఏం చేస్తుందని అడిగాను.

“ఆవిడుంటే ఆ రాక్షసులే పారిపోతారు. నువ్వెట్టీ,” అన్నాడు.

పెట్టడం అనుకున్నంత తేలిక కాలేదు. ఆ గేమ్‌కి తెలుగు అక్షరాలు రావు. వాట్సాప్‌లో రాసుకున్నట్టు పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. వరస మారాలంటే ప్రతిసారీ బ్రేక్ ట్యాగు పెట్టాలి, లేకపోతే తాతా, మేనత్తా, పసిబిడ్డా అందరూ ఒకే పేరాలో కలిసిపోతారు. పైగా ఆ గేమ్‌కి ఒక తిక్క ఉంది. ఆఖరి ట్యాగు తర్వాత ఏం రాసినా చూపించదు. అది తెలియక మొదటిసారి మా తాత ‘ఆమేన్’ పోగొట్టాను. షాపులో ఎవరైనా ఇలాంటి తప్పు చేస్తే పది మాటలు అనేదాన్ని.

అన్నీ సరిచేసి నాన్న ముందు పెట్టాను. జీడిపిక్కల ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి బస్తాల మీద మార్కులు రాసిన మనిషి కనుక ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలడు. ఖాళీగా ఉన్న చేతి వేలితో తెర మీద ఒక్కో పేరే చదువుకుంటూ దిగాడు. అందరికన్నా చివర ఉన్న నాయనమ్మ దగ్గర ఆగాడు.

“ఆమేను మా అమ్మకి అంటుకుపోయిందేటమ్మా? మద్దిన నా వరస ఏది?”

నేను లాప్‌టాప్ నా వైపు తిప్పుకున్నాను.

“మా అమ్మ పేరు రాసినప్పుడు కింద సోటు నేనే ఉంచినాను. అది నాదే.”

“ఏం మాటలు నాన్నా అవి?”

“కీడెంచి మేలెంచమన్నారు. ఉన్న మాటకి కోపమేటి?”

కోపమే వచ్చింది నాకు. ఆ సూదులు, ఆ గొట్టాలు, ఆ బస్సులు, కొలిచి తాగే ఆ గ్లాసుడు నీళ్లు, ఇవన్నీ ఆయన బతకాలని పడుతున్న పాట్లు. ఆయనేమో చోటు అడుగుతున్నాడు. ఇంకో ట్యాగు కొడితే ఖాళీ వరస వస్తుంది. నాకు తెలుసు. కావాలనే వదిలేశాను. ఊళ్లోవాళ్ల చావు కార్డులు రోజూ దిద్దే చేతికి ఆ ఒక్క వరస రాలేదు.

“ఈ గేమ్‌లో ఖాళీ వరస నిలబడదు నాన్నా. మింగేస్తుంది,” అన్నాను.

“అలాగేటి?” అని నమ్మేశాడు. నేను చెప్పింది ఏదైనా నమ్మేవాడు. “పోన్లే. నువ్వు గుర్తెట్టుకో అయితే.”

ఆ మోడ్‌ని ఇంటర్నెట్‌లో పెట్టాను. ఎక్కడివాడో ఒకడు దించుకుని, ఇల్లు బాగుంది, ఆ పేర్ల పుస్తకం ఏ క్వెస్టుకి, అంటే ఆటలో ఏ సాహసానికి, పనికొస్తుంది అని అడిగాడు. ఏ క్వెస్టుకీ పనికిరాదని జవాబు రాశాను. నాన్నకి ఆ మాట చెబితే, సూదులు కదులుతాయని నర్సు కేకలేసేదాకా నవ్వాడు.

తర్వాతి వేసవికి నవ్వడం తగ్గింది. కాళ్లు ఉబ్బాయి. బస్సు మెట్టు ఎక్కడానికి అమ్మా నేనూ ఇద్దరం పట్టుకోవలసి వచ్చేది. ఒకరోజు మిషను మీద కళ్లు మూసుకునే అడిగాడు.

“ఆ ఖాళీ వరసకి ఏదైనా దారి దొరికిందేటమ్మా?”

“లేదు నాన్నా.”

“సదువుకున్న పిల్లవి, సూడు ఒకపాలి.”

చూస్తానన్నాను. చూడలేదు. చూడటానికి ఏమీ లేదు. నాకు వచ్చిన పనే అది. ఆ వరస పెట్టకపోతే ఆయన పోడని మనసులో ఎక్కడో ఒక పిచ్చి నమ్మకం ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటాను.

వానలు పడకముందే నాన్న పోయాడు. జ్ఞాపకార్థ కూడిక కార్డు నేనే కంపోజ్ చేశాను. ఓనరు వద్దన్నా వినలేదు. ఒక్క తప్పు రాలేదు. ఏడుపూ రాలేదు.

నెలయ్యాక ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి లాప్‌టాప్ తెరిచాను. పేజీ పైన ఇంతవరకూ లేని శీర్షిక ఒకటి పెట్టి, నాయనమ్మ కింద నాన్న పేరు, తేదీ కొట్టి గేమ్ తెరిచాను. ఆ పేజీలో పట్టే వరసలు నిండిపోయాయి. ఎడమ పక్క పదకొండు మంది ఉన్నారు. నాన్నా, ఆయన కింద ఆమేనూ కుడి పక్క పేజీలోకి జారిపోయారు. అంత తెల్ల కాగితం మీద నాన్న ఒక్కడే. షాపులో ఇలా ఒక్క లైను తర్వాతి పేజీలోకి పోతే పైవాటిని బిగించి వెనక్కి లాగుతాం. అదే చేశాను. అక్షరాల సైజు ఒక్క అంకె తగ్గించాను. కంచిలి ఆటోలో ఇంకొకరు ఎక్కితే అందరూ జరిగి చోటిచ్చినట్టు, పదకొండు మందీ కాస్త కాస్త ఒదిగారు. నాన్న వాళ్ల అమ్మ కిందికి వచ్చి చేరాడు.

ఆమేన్ మళ్లీ ఆయనకి అంటుకుని కనబడింది. పేజీలో ఇంకా చోటుంది. మధ్యలో ఇంకో ట్యాగు కొట్టాను. నాలుగు కీలు నొక్కాలి, అంతే. సేవ్ చేసి, గేమ్‌లో ఆ ఇంట్లోకి నడిచి, బీరువా దగ్గర నిలబడి పుస్తకం తెరిచాను. నాన్న పేరుకీ ఆమేన్‌కీ మధ్య ఖాళీ వరస శుభ్రంగా నిలబడి ఉంది.

అప్పుడు ఏడ్చాను. అమ్మ వంటింట్లోంచి ఏమైందని పరిగెత్తుకొచ్చింది. ఏం చెప్పను? నాన్న నన్ను అడిగింది ఇదొక్కటే, నాకు వచ్చు, రాదన్నాను అని చెప్పాను.