మీటకుండా మోగిన తంబూరా

నా చిన్నప్పుడు లాల్‌దర్వాజాలో మేముండే అద్దె ఇంటికీ పక్కింటికీ కలిపి వాకిలి ఒక్కటే. పక్కింటి అక్క పొద్దున్నే తంబూరా పట్టుకుని సాధన చేస్తుంటే, మా అమ్మ గిన్నెల చప్పుడు కూడా కానిచ్చేది కాదు. అక్క ఇంటర్‌లో సైన్సు చదివింది. కానీ ఆమె గొంతు విని మురిసిపోయిన ఒక పెద్దాయన, వాళ్ల నాన్నను ఒప్పించి సంగీత కళాశాలలో చేర్పించాడు. ఆయనే అక్కకు గురువు. గల్లీలో అందరం ఆయన్ను సారు అనే అనేవాళ్లం.

ఆ ఏడు బోనాలప్పుడు డప్పులు మా గల్లీలోకి వచ్చాయి. నేను బయటికి ఉరకబోతుంటే అక్క నన్ను ఆపి, గోడకు ఆనించి ఉన్న తంబూరా మీద నా అరచెయ్యి పెట్టించింది. ఎవరూ మీటలేదు. అయినా డప్పు దెబ్బ పడ్డప్పుడల్లా అది లోపల సన్నగా మోగుతోంది.

"ఏందక్కా ఇది?" అన్నాను భయంభయంగా.

"గదే నాకు సమజైతలేదు," అంది. ఆమె కళ్లు మెరుస్తున్నాయి. మా బడిలో తెలియదంటే బెత్తం దెబ్బ పడేది. తెలియదని ఇంత సంబరపడే మనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

అప్పటినుంచి అక్క ధ్యాస పాట మీది నుంచి మెల్లగా జరిగింది. తంబూరాకు నడిమి తీగెలు రెండూ ఒకే శ్రుతిలో ఉంటాయి. ఒక తీగె మీద మడిచిన కాగితం ముక్క నిలబెట్టి, రెండోది మీటేది. ముట్టని తీగె వణికి కాగితం దుమికి కింద పడేది. శ్రుతి కాస్త తప్పించి మీటితే కాగితం అట్లాగే కూర్చునేది. నేను చప్పట్లు కొట్టేదాన్ని. అక్క మాత్రం మళ్లీ మొదటి నుంచి చేసేది.

ఏడాది చదువు అయ్యేసరికి, సంగీతం మానేసి బీయస్సీలో ఫిజిక్సు తీసుకుంటానంది. ఇంట్లో లొల్లి మొదలైంది. వాళ్ల నాన్న రైల్వేలో పనిచేసేవాడు, మెత్తని మనిషి. ఆయన కూడా గొంతు పెంచాడు.

"వచ్చిన విద్య ఇడిసిపెట్టి రాని విద్య ఎంబడి పడ్తవా? సారుకు నేనేం మొకం చూపియ్యాలె?"

అక్కకూ సారు భయమే. ఆయన పేరెత్తితే పళ్లెం ముందు నుంచి లేచిపోయేది.

ఒక ఆదివారం పొద్దున సారు తానే వచ్చాడు. కుర్చీలో కూర్చుని, "ఎందుకు బిడ్డా?" అని మాత్రం అడిగాడు. అక్క తంబూరా తెచ్చి ఆయన ముందు పెట్టి, కాగితం నిలబెట్టి మీటింది. కాగితం పడింది. సారు ముందుకు వంగాడు. ఈసారి తనే మీటాడు. శ్రుతి తప్పించాడు, కలిపాడు, మళ్లీ మీటాడు. ఆయన పక్కన చాయ్ చల్లారిపోయింది.

"ఇన్నేండ్లు చెవితోని పట్టుకున్న గని, ఎందుకైతదని ఎన్నడు అడగలే," అన్నాడు. "చెప్పు, ఎందుకైతది?"

"పూరా తెల్వది సార్. తెలుసుకుందామనే పోతున్న."

వాళ్ల నాన్న తల దించుకున్నాడు. సారు తంబూరాను మళ్లీ గోడకు ఆనించాడు. తర్వాత వాళ్ల నాన్న వైపు తిరిగి, "పోనియ్యి. ఈ పిల్లను నా కాడ కట్టేసుకుంటే పాటకూ న్యాయం కాదు, పిల్లకూ కాదు," అన్నాడు. లేచి వెళ్లేటప్పుడు అక్క తల మీద చెయ్యి పెట్టాడు. ఆయన వీధి మలుపు తిరిగాక అక్క వెక్కివెక్కి ఏడ్చింది.

అక్క అనుకున్న చదువే చదివింది, తర్వాత కాలేజీలో పాఠాలు చెప్పింది. పాట మాత్రం సన్నబడిపోయింది. పొద్దున్నే ఆ గొంతు వినపడని గల్లీ నాకు చాలా రోజులు బోసిగా అనిపించింది. ఆ వెలితిని కాదనను.

కానీ ఆనాటి నుంచీ తెలియని సంగతి ఎదురైతే నాకు సిగ్గు వేయదు. మొన్న సాయంత్రం నా మనవరాలు, చందమామ మన వెంట ఎందుకు నడుస్తాడని అడిగింది.

"నాకు తెల్వది బిడ్డా," అన్నాను. ఆ మాట నోటి నుంచి రాగానే ఎందుకో ప్రాణం లేచి వచ్చింది. మోకాళ్ల నొప్పులు మరిచి, దాని చెయ్యి పట్టుకుని చందమామను చూద్దామని మిద్దె మెట్లెక్కాను.